బటన్ నొక్కితే అయిపోతుందట!

"బటన్ నొక్కితే అయిపోయే పనేగా!" అనే మాట ఈ లోకంలో ఇద్దర్ని చూసి అంటారు. ఒకరు ఇల్లాలు, రెండోవారు ఆడిటరు. ఇల్లాల్ని ఎప్పుడంటారో మీకు నేను చెప్పక్కర్లేదు. ఇంటికి మిక్సీ వచ్చిన రోజున అంటారు, గ్రైండరు వచ్చిన రోజున అంటారు, బట్టలుతికే మిషను వచ్చిన రోజున మరికాస్త గట్టిగా అంటారు. ఆడిటర్ని ఎప్పుడంటారంటే, ఫీజు ఇవ్వాల్సి వచ్చిన రోజున.

ఈ రెండో సంగతి నాకెలా తెలిసిందంటే, మా పెద్దమ్మాయి ఆడిటరు. విజయవాడ గవర్నరుపేటలో ఒక మేడమీద రెండు గదుల ఆఫీసు, నలుగురు అసిస్టెంట్లు, ఆరు కంప్యూటర్లు. మా వారేమో బ్యాంకులో అకౌంటెంటుగా చేసి రిటైరయ్యారు. అంటే డెబిట్టుకీ క్రెడిట్టుకీ మధ్య నేను యాభై యేళ్ళ పైచిలుకు కాపరం చేశానన్నమాట. అలాగని నాకు అకౌంట్సు వచ్చనుకునేరు! పాల లెక్క, ఇస్త్రీ పద్దు, చీటీపాట వాయిదా, అక్కడితో సరి నా పాండిత్యం. కాని ఎదురుగా కూచుని కూరలు తరుగుతూ రెండు తరాల లెక్కలవాళ్ళని చూసినదాన్ని గనక, ఈ సాఫ్ట్‌వేర్లు వాళ్ళ పనిని ఎక్కడ తేలిక చేశాయో, ఎక్కడ చెయ్యలేదో కాస్త చెప్పగలననే అనుకుంటున్నాను.

మా పెళ్ళి 1973లో. ఆ యేడు జూన్ 30 రాత్రి ఆయన ఇంటికి రాలేదు. కొత్త కాపరం, కొత్త ఊరు. గాభరాపడి పక్కింటావిణ్ణి అడిగితే ఆవిడ పకపకా నవ్వి, "హాఫ్ ఇయర్లీ క్లోజింగమ్మా! ఇవాళా రేపూ ఆయన నీ మొగుడు కాదు, బ్యాంకు మొగుడు" అంది. ఆవిడ భర్తా అక్కడే గుమాస్తా. ఆ తర్వాత ఏటా జూన్ 30కీ డిసెంబరు 31కీ నేను కూడా కారియర్లో పులిహోరా, పెరుగన్నమూ సర్ది పంపించడం నేర్చుకున్నాను.

రాత్రంతా చేసే పని ఏమిటయ్యా అంటే కూడికలు. లెడ్జర్లో ఉన్న ఖాతాలన్నిటికీ వడ్డీ కట్టడం, నిలువలన్నీ ఓ పొడుగాటి కాగితం మీద ఎక్కించి వేలు ఆనించి కూడుకుంటూ కిందికి రావడం, ఆ మొత్తం పెద్ద పుస్తకంలో ఉన్న మొత్తంతో సరిపోయిందా అని చూడటం. సరిపోతే "టాలీ అయింది" అనేవారు. కాకపోతే మళ్ళీ మొదటికి. పెద్ద తేడా వస్తే అంత బెంగ లేదట, ఏదో ఒక కాగితం మొత్తానికే ఎగిరిపోయి ఉంటుంది, దొరుకుతుంది. చిన్న తేడాయే ప్రాణం తోడేస్తుంది. ఓ డిసెంబరులో 27 రూపాయల కోసం ఏడుగురు మనుషులు తెల్లారి నాలుగింటిదాకా కూచున్నారు. "పోనీ ఆ 27 రూపాయలూ నేనిచ్చేస్తాను, ఇంటికి రండి" అన్నాను. అదేదో బూతుమాట అన్నట్టు చూశారాయన నావంక.

అప్పుడే నాకో చిట్కా చెప్పారు. 63 వెయ్యాల్సిన చోట 36 వేశారనుకోండి, తేడా 27. 81కి బదులు 18 వేస్తే 63. పక్కపక్కనున్న ఏ రెండంకెలు తారుమారైనా సరే, వచ్చే తేడా 9తో శేషం లేకుండా భాగింపబడుతుంది. కనక తేడా తొమ్మిదితో పోయిందంటే, ఎవరో అంకెలు తిప్పి రాశారేమోనని ముందు అటు వెతకాలి. అలాగే, జమకి వెయ్యాల్సింది ఖర్చుకి వేస్తే తేడా రెట్టింపు అవుతుంది గనక, తేడాలో సగం మొత్తం ఎక్కడన్నా ఉందేమో చూడాలి. ఇదేదో మంత్రశాస్త్రంలా ఉందే అనుకున్నాను. మా పిల్లల కూడికలు దిద్దేటప్పుడు నాకూ పనికొచ్చింది.

మా వాళ్ళు ఇక్కడ వేళ్ళతో కూడుకుంటున్న రోజుల్లోనే, 1978లో, అమెరికాలో డాన్ బ్రిక్లిన్ అనే విద్యార్థి హార్వర్డ్ బిజినెస్ స్కూలు క్లాసులో కూచుని ఉన్నాడు. బోర్డు నిండా గళ్ళు, గళ్ళ నిండా అంకెలు. ఒక గడిలో తప్పు పడితే దానిమీద ఆధారపడ్డ గళ్ళన్నీ చెరిపి మళ్ళీ రాయాలి. ఒకటి మారిస్తే మిగతావి వాటంతటవే మారిపోతే ఎంత బావుండును అనుకున్నాడతను. స్నేహితుడు బాబ్ ఫ్రాంక్‌స్టన్‌తో కలిసి విసికాల్క్ అనే ప్రోగ్రాము తయారుచేశాడు. 1979లో అది అమ్మకానికొచ్చింది. ఈనాటి ఎక్సెల్‌కి అది మూలపుటమ్మ.

ఇందులో గొప్పేముందంటారా? పిల్ల పెళ్ళికి లెక్క వేసుకున్నారనుకోండి. మూడొందలమంది భోజనాలకి ఇన్ని విస్తళ్ళు, ఇన్ని బియ్యం, ఇంత నెయ్యి అని రాసుకుని మొత్తం కట్టేసరికి, వియ్యపురాలు ఫోన్ చేసి "మావాళ్ళు ఇంకో వందమంది ఎక్కువ వస్తారొదినగారూ" అంటుంది. అప్పుడు మీరు కొత్త కాగితం తీసుకుంటారు. ఎక్సెల్ ఉన్నవాళ్ళు 300 చెరిపి 400 కొడతారు, నెయ్యితో సహా అన్నీ మారిపోతాయి. వదినగారి మీద కోపం మాత్రం అలాగే ఉంటుంది.

మన పాస్‌బుక్కులకి కూడా ఈ యంత్రాలు మేలే చేశాయి. 2010 మార్చి దాకా సేవింగ్స్ ఖాతాలో పదో తారీకు నుంచి నెలాఖరు వరకూ ఏ రోజున అన్నిటికంటే తక్కువ నిలువ ఉంటే దానిమీదే ఆ నెల వడ్డీ. ఇరవై ఎనిమిదో తారీకున పిల్లాడి ఫీజుకని డబ్బు తీశారా, నెల్లాళ్ళూ దాచిన దానికి వడ్డీ గోవింద! 2010 ఏప్రిల్ 1 నుంచి ఏ రోజు నిలువకి ఆ రోజు లెక్కే కట్టాలని రిజర్వు బ్యాంకు నియమం పెట్టింది. ప్రతి ఖాతాకీ ప్రతి రోజుకీ లెక్క కట్టడం మనిషి చేత అయ్యే పనేనా? కంప్యూటర్లు ఉండబట్టి అయింది.

ఇక టాలీ. బ్యాంకులవాళ్ళ నోట్లో ఎప్పట్నుంచో ఉన్న ఆ మాటే ఒక సాఫ్ట్‌వేర్‌కి పేరైంది. బెంగుళూరులో శ్యామ్ సుందర్ గోయెంకా అనే వ్యాపారస్తుడికి తన లెక్కలకి సరైన ప్రోగ్రాము దొరక్క, కొడుకు భరత్ గోయెంకా చేత రాయించుకున్నాడు. 1986లో కంపెనీ పెట్టారు. తండ్రి చెప్పిన పని కొడుకు చేస్తే ఇంత దూరం వస్తుందన్నమాట. మా అబ్బాయికి ఈ కథ చాలాసార్లు చెప్పి చూశాను.

మా అమ్మాయి మొదటిసారి టాలీ చూపించినప్పుడు మా వారు చాలాసేపు నోరు మెదపలేదు. డెబిట్టు వెయ్యి, క్రెడిట్టు తొమ్మిదివందలు కొట్టి చూడమన్నారు. అది ఆ ఓచరును తీసుకోనంది. రెండు పక్కలా సరిపోయేదాకా ముందుకి కదలదు. అంటే కారియర్లూ, పులిహోరలూ, తెల్లారి నాలుగు గంటలూ అన్నీ ఒక్క దెబ్బతో పోయాయి. నాకైతే దండం పెట్టబుద్ధయింది. ఆయన మాత్రం కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "తేడా రాకపోతే తప్పున్నట్టు ఎలా తెలుస్తుందే?" అన్నారు.

ముసలాయన చాదస్తం అనుకున్నాను గాని, ఆ మాట అంత తేలిగ్గా తీసిపారెయ్యాల్సింది కాదు. కొట్టు యజమాని తన ఇంటి పడగ్గదిలో ఏసీ బిగించుకుని, ఆ ఖర్చు కొట్టు మరమ్మతుల కింద రాయించాడనుకోండి, రెండు పక్కలా సరిపోతుంది. నాలుగున్నర లక్షలు రాయాల్సిన చోట ఒక సున్నా తగ్గించి రెండు పక్కలా 45,000 పడినా సరిపోతుంది. ప్రెషర్ కుక్కరు విజిల్ వేసిందంటే లోపల ఆవిరి నిండిందని అర్థం, పప్పులో ఉప్పు పడిందని కాదు. పాత రోజుల్లో తేడా కోసం వెతుకుతూ వెతుకుతూ ప్రతి పద్దూ మనిషి కంట పడేది. అలా చూస్తుంటే అసలు తేడాకి సంబంధం లేని తప్పులు కూడా దొరికేవిట. ఇప్పుడా వెతుకులాటే లేదు గనక ఆ చూపూ లేదు.

ఇది మన ఊరి గుమాస్తాలకే పరిమితమనుకోకండి. 2010లో అమెరికాలో పేరుమోసిన ఆర్థికవేత్తలు కార్మెన్ రైన్‌హార్ట్, కెన్నెత్ రోగాఫ్ ఒక వ్యాసం రాశారు. దేశం అప్పు జాతీయోత్పత్తిలో 90 శాతం దాటితే అభివృద్ధి చతికిలబడుతుందని దాని సారాంశం. ఎన్నో దేశాల్లో నాయకులు ఖర్చులు కోసెయ్యడానికి దాన్ని చూపించారు. 2013లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయం ఆమ్‌హర్స్ట్‌లో థామస్ హెర్న్‌డన్ అనే విద్యార్థి, క్లాసు పనికోసం ఆ లెక్క మళ్ళీ చేసి చూస్తే ఎంతకీ కలవలేదు. వాళ్ళ ఎక్సెల్ కాగితమే తెప్పించుకుని చూశాడు. ఇరవై దేశాల వరసలుంటే సగటు కట్టిన సూత్రం పదిహేనింటి దగ్గరే ఆగిపోయింది. ఆస్ట్రేలియా, ఆస్ట్రియా, బెల్జియం, కెనడా, డెన్మార్కు మిగిలిపోయాయి. ఇదొక్కటే కాదు, లెక్క కట్టిన పద్ధతి మీద కూడా తగాదాలున్నాయనుకోండి. అన్నీ సవరించి ఆ అబ్బాయీ, అతని గురువులూ కడితే, సున్నాకి కిందనున్న అభివృద్ధి 2.2 శాతంగా తేలింది. పంక్తిలో అయిదుగురికి వడ్డించకుండా అందరూ తిన్నారని లెక్కేస్తే ఎలా ఉంటుందో అలా ఉంది! అయిదు విస్తళ్ళు ఖాళీగా ఉంటే నలుగురు ఆడవాళ్ళున్న పెళ్ళింట్లో మూడేళ్ళపాటు తెలియకుండా ఉంటుందా?

మా అమ్మాయి పని చూద్దాం. 2017 జులై 1న జి.ఎస్.టి. వచ్చిన దగ్గర్నుంచి ఆవిడ నెల 20వ తారీకు చుట్టూ తిరుగుతుంది. ఇరవైలోపు నెలవారీ రిటర్నులు వెయ్యాలి. కొట్టువాళ్ళు సరుకు కొన్నప్పుడు కట్టిన పన్నును, తాము కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకోవచ్చు. అయితే 2022 జనవరి నుంచి అమ్మినవాడు తన రిటర్ను వేసి ఆ బిల్లు చూపిస్తేనే ఇతనికి ఆ తగ్గింపు. వాడు చూపించకపోతే ఇతనికి చేతి చమురు. అందుకని ప్రతినెలా 14న ప్రభుత్వం తయారుచేసి ఇచ్చే పట్టికనీ, కొట్టు కొనుగోళ్ళ పుస్తకాన్నీ బిల్లు బిల్లుకీ సరిచూడాలి. అమ్మినవాడు బిల్లు నంబరు 017 అని వేస్తాడు, మనవాడు ఉట్టి 17 అంటాడు. వాడు పైసలతో వేస్తాడు, వీడు పైసలు మింగేస్తాడు. మొదట్లో ఇదంతా పిల్లలు కళ్ళు చికిలించి చూసేవారు. ఇప్పుడు జత కలిపే సాఫ్ట్‌వేర్లున్నాయి. వెయ్యి బిల్లుల్లో తొమ్మిదివందల పైచిలుకు అవే కలిపేసి, కలవనివి పక్కన పెడతాయి. బ్యాంకు స్టేట్‌మెంటు కూడా తిరిగి కొట్టక్కర్లేదు, దానంతటది ఎక్కుతుంది. ఇవన్నీ నిజమైన ఉపకారాలు. ఏమాటకామాటే చెప్పుకోవాలి.

ఆ మధ్య ఒక కుర్రవాడు బిల్లు ఫొటో తీస్తే చదివేసే సాఫ్ట్‌వేర్ అమ్మడానికొచ్చాడు. "బటన్ నొక్కితే చాలు మేడమ్" అన్నాడు పాపం, ఎవరితో అంటున్నాడో తెలీక. మా అమ్మాయి ఓ నలిగిన చేతిరాత చీటీ ఇచ్చింది. అందులో ఉన్న ఒకటిని అది ఏడని చదివింది. "తప్పు చదివినందుకు నాకు పట్టింపు లేదు బాబూ, నాకు అనుమానంగా ఉంది అని అది చెబుతుందా?" అని అడిగింది. అనుమానం ఉన్నచోట పసుపు రంగు వేస్తుందని చూపించాడు. ఏడు దగ్గర పసుపు రంగు ఉంది. కొనేసింది. తెలిసీ తెలియంది కూడా గట్టిగా చెప్పే యంత్రం అయితే ఆఫీసు గడప తొక్కనివ్వనంది. కొందరు మనుషులకి కూడా ఈ పసుపు రంగు సౌకర్యం ఉంటే బావుండునని నాకనిపించింది.

మా వారికి అన్నిటికంటే నచ్చిన సంగతి ఇంకొకటుంది. ఆ రోజుల్లో లెడ్జర్లో తప్పు పడితే చెరపకూడదు, దిద్దకూడదు. ఒక్క గీత కొట్టి, పైన సరైన అంకె వేసి, పక్కన పొడి సంతకం పెట్టాలి. పాత అంకె కనపడుతూనే ఉండాలి. కంప్యూటర్లు వచ్చాక ఎవరు ఎప్పుడేది మార్చినా గీతా లేదు, గాటూ లేదు, కడిగిన పళ్ళెంలా ఉండేది. దానికి ఆయన లోలోపల కుమిలిపోయేవారు. 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీలు వాడే లెక్కల సాఫ్ట్‌వేర్లో ఎవరు, ఏ రోజున, ఏది మార్చారో చిట్టా తప్పకుండా ఉండాలనీ, ఆ చిట్టాని ఆపెయ్యడానికి వీల్లేకుండా ఉండాలనీ చట్టం వచ్చింది. "చూశావా! మా గీత మళ్ళీ వచ్చింది" అని ఆ రోజు స్వీటు తెచ్చారు. షుగరున్న మనిషి.

ఇంత తేలికైతే మరి మా అమ్మాయికి మెడనొప్పి ఎందుకొచ్చిందని మీరడగొచ్చు. మా అత్తగారు రుబ్బురోట్లో పిండి రుబ్బే రోజుల్లో మా ఇంట్లో ఇడ్లీ వారానికోసారి, ఆదివారం. గ్రైండరు వచ్చాక వారానికి నాలుగు రోజులు ఇడ్లీయో దోశో. అందులో ఒకరికి పల్లీ చట్నీ, ఒకరికి అల్లం. రుబ్బే గంట మిగిలింది గదా, అది నాకేమైనా దక్కిందా అంటే, మీరు నవ్వుతారని తెలుసు. మా అమ్మాయి సంగతీ అంతే. మొదట్లో 40 మంది ఖాతాదార్లుండేవారు. పని తేలికైంది గనక ఫీజు తగ్గించమన్నారు. తగ్గించింది గనక ఎక్కువమందిని తీసుకోవలసి వచ్చింది. ఇప్పుడు 110 మంది. యంత్రం తొమ్మిదివందలు కలిపేసి వదిలిన చిక్కుముళ్ళన్నీ నూటపదిమందివీ ఆవిడ ముందుకే వస్తాయి. తేలిక పనులు యంత్రం తీసుకుంటే మనిషికి మిగిలేవన్నీ కష్టమైనవే గదా. మధ్యలో ఊపిరి పీల్చుకోవడానికి ఓ కూడిక కూడా లేదు. పైగా కింద సంతకం ఆవిడది. 2019 నుంచి ఆడిటర్లు ఇచ్చే ప్రతి సర్టిఫికెట్టుకీ 18 అంకెల అక్షరాల నంబరొకటి తీసుకుని వెయ్యాలి. ఆ నంబరు పట్టుకుని ఎవరైనా నిలదీసేది ఆవిణ్ణే, సాఫ్ట్‌వేర్‌ని కాదు.

ఒక బట్టల కొట్టాయన ఉన్నాడు. ఆయనకి సరుకమ్మే ఒకడి బిల్లులు వరసగా మూడు నెలలు ప్రభుత్వ పట్టికలో కనపడలేదు. యంత్రం ఎర్రగా చూపించింది, అంతవరకే దాని పని. వాడి రిజిస్ట్రేషనే రద్దయిందని వెతికి పట్టుకుని, ఇంక డబ్బు పంపకండని చెప్పింది మా అమ్మాయి. ఆయన చాలా సంతోషించాడు. ఆ నెల ఫీజు దగ్గరికి వచ్చేసరికి, "ఇదంతా కంప్యూటరే చూసుకుంటుందిగా మేడమ్" అన్నాడు. ఆ రాత్రి, "ఈ ఆఫీసు మూసేసి ఎక్కడన్నా ఉద్యోగంలో చేరిపోతానమ్మా" అంది. నేనేమీ అనలేదు. మజ్జిగ కలిపి ఇచ్చాను.

మూసెయ్యలేదు లెండి. రెండు పనులు చేసింది. ఫీజు పెంచింది, పాతికమంది వెళ్ళిపోయారు, వెళ్ళనిచ్చింది. మిగిలిన వేళలో పిల్లలకి చూడటం నేర్పుతోంది. యంత్రం మొత్తం చూపించకముందే, ఎంత రావచ్చో తలా ఒక కాగితం మీద రాయాలి, ఆ తర్వాతే తెర చూడాలి. శనివారాలు మా వారు కూడా ఆఫీసుకి వెళుతున్నారు. జీతం లేదు, ఫిల్టరు కాఫీ ఒకటి. పిల్లలు ట్రయల్ బాలెన్సు అచ్చుతీసి ఇస్తే స్కేలు ఆనించి చదువుకుంటూ కిందికొస్తారు. "అమ్మాయ్, ఈ కొట్టులో ముగ్గురే పనివాళ్ళు గదా, టీ ఖర్చు ఇంతేమిటి?" ఇటువంటి ప్రశ్నలు.

మొన్నామధ్య శనివారం ఒక అట్టపెట్టెల అతను వచ్చాడు. సైకిలు మీద కొట్లకి అట్టపెట్టెలు వేసే మనిషి. అతనికి రిజిస్ట్రేషనూ లేదు, జి.ఎస్.టీ. లేదు గనక ప్రభుత్వ పట్టికలో అతని బిల్లులు రావు, సరిచూసే సాఫ్ట్‌వేర్‌కి అతనంటూ ఒకడు లేడు. పెన్సిలుతో రాసుకున్న చీటీ ఒకటి తెచ్చాడు. కొట్టాయన ఇస్తానన్న దానికంటే తనకి 4,500 ఎక్కువ రావాలట. కొట్టాయన కంప్యూటర్లో లేదు పొమ్మన్నాడు. మా అమ్మాయి ఊళ్ళో లేదు. ఆఫీసులో పిల్లా కంప్యూటరు చూసి, "ఇందులో ఇంతే ఉందండీ, మీరే ఎక్కడో పొరపాటు పడ్డారు" అంది. అతను చీటీ మడిచి జేబులో పెట్టుకుని లేవబోయాడు.

"ఎంత తేడా అన్నావమ్మాయ్?" అన్నారు మా వారు.

"4,500 తాతగారూ."

"తొమ్మిదితో భాగించి చూడు."

ఆ పిల్లకి అర్థం కాలేదు గాని భాగించింది. 500, శేషం లేదు. "ఏ బిల్లో అంకెలు తిరగబడి ఉంటుంది. అతన్ని కూచోబెట్టి, పాత బిల్లుల కట్ట తియ్యి" అన్నారు. పదకొండో బిల్లు దగ్గర దొరికింది. కాగితం మీద 7,280, కంప్యూటర్లో 2,780. రెండు పక్కలా అంతే కొట్టారు, చక్కగా టాలీ అయింది.

ఆ పిల్ల దిద్దింది. ఎవరు, ఎప్పుడు, ఏది మార్చారో చిట్టాలో పడింది. కొట్టాయనకి ఫోను చేసి చెప్పింది. సోమవారం డబ్బు ముట్టిందని అట్టపెట్టెల అతనే వచ్చి చెప్పి, ఆఫీసులో పాత ఫైళ్ళు పెట్టుకోమని రెండు పెద్ద పెట్టెలు ఇచ్చి వెళ్ళాడు. వాటికి డబ్బు తీసుకోనన్నాడట. మా అమ్మాయి ఊరుకుంటుందా, 60 రూపాయలు చేతిలో పెట్టి, ఓచరు రాయించి, అతని చేత సంతకం పెట్టించుకుంది.